మూల మెట్ల దగ్గరి నీళ్ళు

“అటు పో. ఇక్కడ కాదు, అటు.”

పెద్దాయన మళ్ళీ మొదలుపెట్టాడు. భుజం మీది తువ్వాలు తీసి, దగ్గరకొస్తున్న పడవ వైపు ఊపుతున్నాడు.

వల తాడు పట్టుకున్న పరిశోధక విద్యార్థిని పళ్ళు నూరుకుంది. వల ఎన్నోసారి వేసిందో మరిచిపోయింది. ప్రతి నెలా అదే చోట, అన్నే సార్లు వెయ్యాలి. లెక్క తప్పితే పని మళ్ళీ మొదటికి.

హార్బర్‌లో ఆ మూల మెట్లు ఆమె చోటు. గుడ్డలాంటి సన్నని వలతో నీళ్ళు వడకట్టి, అందులో చిక్కే కంటికానని జీవులు ఏ కాలంలో ఏవి ఉంటాయో చూడటం ఆమె పని. వానలకి నీళ్ళలో ఉప్పు తగ్గి అవి పలచబడతాయి. చలికి పుంజుకుంటాయి. ఎండలు ముదిరేసరికి చేపగుడ్లూ, ఎండ్రకాయ పిల్లలూ వస్తాయి. ఏడాది చక్రం పూర్తవడానికి ఇంకొక్క నెల ఉంది.

మొదటి నెలలో ఈ పెద్దాయన చేతికి భూతద్దం ఇచ్చింది తనే. బుద్ధి తక్కువై ఇచ్చాననుకుంటుంది ఇప్పుడు.

“ఇదేంటమ్మా?”

“ఎండ్రకాయ పిల్ల, తాతా.”

“నలుసంత లేదు. దీనికి కళ్ళు కూడానా,” అంటూ చాలాసేపు చూశాడాయన.

ఆ రోజు నుంచీ మెట్ల మీదే మకాం. పనీపాటా లేని మనిషి, కాలక్షేపానికి పడవల మీద అరుస్తాడని ఆమె తేల్చేసుకుంది. లాబ్‌లో ‘తువ్వాలాయన’ కబుర్లు చెప్పి అందరినీ నవ్వించేది.

ఆమె పరిశోధన చూసే గైడుకి మాత్రం వేరే సందేహం.

“హార్బర్ అంతా ఒకెత్తు, నీ మూల మెట్లు ఒకెత్తు. అక్కడే ఇన్ని బతుకుతున్నాయేం?”

“అక్కడ ప్రవాహం బాగుంటుంది సర్,” అంది. అలాగే రాసుకుంది కూడా.

ఇవాళ ఇక ఓపిక నశించింది. వల పక్కన పెట్టి ఆయన ముందుకొచ్చి నిలబడింది.

“తాతా, మీరిక్కడ కూర్చోవద్దు.”

“ఏమ్మా?”

“మీ అరుపులకి నా లెక్క తప్పుతోంది. మీ వల్ల నా పని పాడవుతోంది.”

“నా వల్లనా?”

తువ్వాలు మడిచి భుజాన వేసుకుని, మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

“పని పాడవకూడదమ్మా,” అంటూ వెళ్ళిపోయాడు.

ఆమెకి ప్రాణం హాయిగా అనిపించింది.

చివరి నెల వచ్చింది. మెట్ల మీద ఎవరూ లేరు. లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

వల మాత్రం నల్లగా పైకొచ్చింది.

సీసాలో నీళ్ళ మీద నూనె తెట్టు. భూతద్దం పెట్టి చూసింది. ఎండ్రకాయ పిల్లలున్నాయి, ఒక్కటీ కదలడం లేదు. ఆమెకి ఏడుపొచ్చింది. ఈ కాలం మళ్ళీ రావాలంటే ఏడాది ఆగాలి.

మెట్ల పక్కనే పడవ ఆపి, దాన్ని నడిపే సరంగు ఇంజన్ కింద చేరిన నూనె నీళ్ళు బకెట్‌తో తోడి పోస్తున్నాడు.

“ఇక్కడెందుకు పోస్తున్నారు?”

“ఇక్కడైతే దగ్గరమ్మా. ఇన్నాళ్ళూ పెద్దాయన పొయ్యనిచ్చేవారు కాదు. హార్బర్ దాటి వెళ్ళి ఒడ్డు మీద గుంటలో పోసొచ్చేవాళ్ళం.”

“ఎందుకు పొయ్యనిచ్చేవారు కాదు?”

“‘లోపల పిల్లలున్నాయిరా, వాటికి కళ్ళున్నాయిరా’ అనేవారు. మాకైతే ఏమీ కనపడేది కాదు.”

ఆమె సీసా మెట్టు మీద పెట్టింది.

“ఇప్పుడేరీ ఆయన?”

“ఇంట్లోనే. తను వస్తే ఎవరో అమ్మాయి పని పాడవుతుందట, ఇటు రానంటున్నారు. ఆయన ఎదురుగా లేకపోతే మేం మాత్రం అంత దూరం ఎందుకెళ్తాం?”

“ఆయన చెబితే మీరంతా ఎందుకు వినేవారు?”

సరంగు ఆమెను వింతగా చూశాడు.

“వినక చస్తామా అమ్మా? ఈ పడవలు ఆయనవే.”

ఏడాది పొడుగునా ఆమె ప్రవాహం అని రాసుకున్నది, సొంత పడవల్ని తువ్వాలు ఊపి తరిమేసిన ఆ పెద్దాయనని.