నూకయ్య చెయ్యి

ఆ పొద్దున మబ్బు, సిగ్నలు దొరకని గూడ్సు బండిలా నిమ్‌పురా రైల్వే యార్డు మీదే ఆగిపోయింది. కదలదు, కురవదు.

"సాయంత్రం దాకా సినుకు రాల్దు. ఈలోగా మ్యాచి అయిపోద్ది," అని గుమ్మంలో నిలబడి తీర్పు చెప్పాడు నూకయ్య. వెనక్కి తిరిగేసరికి అతని భార్య దాలమ్మ ఉతికిన చీర కట్టుకుని, గొడుగు పట్టుకుని సిద్ధంగా ఉంది.

"నువ్వెక్కడికే?"

"మ్యాచికి."

"నీకేటి తెలుసే మ్యాచి? బంతికీ గుమ్మడికాయకీ తేడా తెలదు. ఆ కాలేసుకుని కుంటుకుంటా వచ్చి ఏటి సూస్తావు?"

దాలమ్మ కుడికాలి బొటనవేలికి పసుపు గుడ్డ చుట్టి ఉంది. సన్నికల్లు పొత్రం జారి పడిందని చెప్పింది. ఆ నెలంతా ఇంట్లో అన్నీ అలాగే ఉన్నాయి. పొత్రం జారి కాలిమీద పడుతుంది. పెరట్లో పూలకుండీలు పగులుతాయి. మూడు కుండీలూ పిల్లే పగలగొట్టిందంటుంది దాలమ్మ. ఆ పిల్లిని నూకయ్య ఒక్కనాడూ చూడలేదు. తెల్లారేసరికి అతను గోల్‌బజార్ టీ కొట్టు బల్ల మీద ఉంటాడు. ఇంట్లో ఉంటే కదా చూడ్డానికి!

"నా మనవరాలు గోలు కాస్తన్నాది. నానొస్తాను," అంది దాలమ్మ. అతనికన్నా ముందే మెట్లు దిగింది.

ఆడపిల్లల ఫుట్‌బాల్ ఫైనలు అది. నిమ్‌పురాకీ పక్క పేట మలంచాకీ పోటీ. నిమ్‌పురా పిల్లలు ఇంతకుముందెన్నడూ ఆ కప్పు మొహం చూడలేదు. ఇప్పుడు ఒక గోలు ముందున్నారు. ఇక మూడు నిమిషాలే ఉందనగా బంతి వచ్చి ఒక నిమ్‌పురా పిల్ల చేతికి తగిలింది. రిఫరీ ఈల ఊదాడు. మలంచాకు పెనాల్టీ.



గీత పక్కన బెంచీ మీద నూకయ్యకు ఇటు దాలమ్మ, అటు జ్ఞానప్రకాశం. జ్ఞానప్రకాశం టీ కొట్టు నేస్తం, పైగా సాక్షి. ఎందుకంటే వారం రోజులుగా నూకయ్య టీ కొట్టులో ఒకటే మాట చెబుతున్నాడు: "పెనాల్టీ పడితే మా ఇందు నా సెయ్యి సూస్తది. నా సెయ్యి ఎటు లేస్తే అటు దూకుద్ది. ముప్పై ఆరేళ్ళు యార్డులో నా సెయ్యి సూడకుండా ఒక్క ఇంజను కదిల్నాదేటి?"

"ఊఁ, లేపు మరి," అన్నాడు జ్ఞానప్రకాశం.

నూకయ్య లేచాడు. కుడిచెయ్యి బారుగా చాపి యార్డు వైపు చూపించాడు. "ఇందూ! ఇటు సూడు!"

ఇందు చూడలేదు. తాతనే కాదు, బంతినీ చూడటం లేదు. మోకాళ్ళు వంచి, తల దించి, తన్నబోయే పొడుగుపాటి పిల్ల కాళ్ళకేసే చూస్తోంది.

"తల ఎత్తే! నేల మీద ఏటున్నాదే!"

పక్కన దాలమ్మ గొడుగు పిడి రెండు చేతులా బిగించి పట్టుకుంది. గడ్డి మీద ఆమె బొటనవేలు పసుపు గుడ్డలోనే కదులుతోంది.

పొడుగుపాటి పిల్ల పరుగెత్తి వచ్చి తన్నింది. ఇందు యార్డు వైపు కాదు, రెండో పక్కనున్న రైల్వే క్వార్టర్ల వైపు దూకింది. బంతి రెండు అరచేతులకూ తగిలి పోస్టు బయటికి పోయింది.

ఆ తర్వాత మూడు నిమిషాలు ఎలా గడిచాయో ఎవరికీ గుర్తులేదు. పిల్లలు ఇందును భుజాల మీదకు ఎత్తుకున్నారు. నూకయ్య మీసం రెండు కొసలూ పైకి లేచాయి.

"ఏరా నూకయ్యా, నీ సెయ్యి యార్డు వైపు పోనాది. పిల్లేమో క్వార్టర్ల వైపు దూకినాది?" అన్నాడు జ్ఞానప్రకాశం.

"అదేరా కిటుకు! నా సెయ్యి మా పిల్లకి కాదు, ఆ మలంచా పిల్లకి. కీపరు అటు దూకుద్దనుకుని అది ఇటు తన్నేసినాది."

"మరి ఇటు తన్నుద్దని మీ పిల్లకెలాగ తెలిసినాది?"

"రక్తంరా! నా రక్తం!"

ఇంటికి చేరేలోపు ఆ కిటుకును ఆటోవాడికి హిందీలో, చేపలమ్మే దీదీకి బెంగాలీలో, ఎదురింటివాళ్ళకు తెలుగులో చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ చెయ్యి ఇంకాస్త పొడుగు సాగింది.

దీపాలు పెట్టే వేళకు చేపల పులుసు దిగింది. ముగ్గురూ కింద కూర్చున్నారు. ఎప్పటిలాగే చేప తలకాయ నూకయ్య కంచంలో పడింది. అతను ఇంకా చెయ్యి పెట్టకముందే ఇందు మెడలోంచి గెలిచిన పతకం తీసి లేచింది. నూకయ్య గొంతు సవరించుకుని, కండువా తీసి పక్కన పెట్టి, మెడ ముందుకు వంచాడు.

ఇందు అతన్ని దాటి వెళ్ళి దాలమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. పతకం రిబ్బను ఆమె బొటనవేలికి, పసుపు గుడ్డ మీదుగా, రెండు చుట్లు చుట్టింది.

"అదేటే?" అన్నాడు నూకయ్య, వంచిన మెడ ఎత్తకుండానే.

"తన్నే కాలు సూడొద్దు, నిలబడ్డ కాలు సూడు, దాని వేళ్ళు ఎటు తిరిగితే బంతి అటే వస్తాదని మామ్మే నేర్పినాది తాతా," అంది ఇందు. "నువ్వు టీ కొట్టుకి ఎల్పోగానే రోజూ పెరట్లో నాకు ఏబై పెనాల్టీలు తన్నినాది. ఒట్టికాళ్ళతో."

నూకయ్య పెరటి తలుపు వైపు చూశాడు. బొటనవేలి వైపు చూశాడు. దాలమ్మ తల దించుకుని అన్నం కలుపుకుంటోంది. అతని మీసం కొసలు కిందికి దిగాయి. కాసేపటికి, మైదానంలో లేచినదానికన్నా పైకి లేచాయి.

 నూకయ్య తన కంచంలోని చేప తలకాయను జాగ్రత్తగా తీసి, మూడు కుండీలు పగలగొట్టిన పిల్లి కంచంలో వేశాడు.