రేకుల మీద వాన

పెంటప్ప మంచం మీద శేషశాయి భంగిమలో పవళించి, మేఘాగమనం కోసం నిరీక్షిస్తున్నాడు.

ఆయన రైతు కాడు. కవి అసలే కాడు. సోలాపూర్ పవర్‌లూమ్‌లో తువ్వాళ్లు నేసే కార్మికుడు. బీడీ కార్మికుల కాలనీ అయిన విడీ ఘర్కుల్‌లో రెండు గదుల సామ్రాజ్యానికి ఏకచ్ఛత్రాధిపతి. కార్ఖానాలో సేఠు తిట్టినప్పుడల్లా దించిన తలను ఇంటికి తెచ్చి ఎత్తుతాడు. చేయి కూడా ఎత్తుతాడు. భార్య బాలమణి ఆ పరిపాలనను వీపున మోస్తుంది.

అయితే ఆయన అదనెరిగిన ప్రభువు. మగ్గాల మోతలో మనిషి కేక పక్కవాడికి వినబడదని కార్ఖానా నేర్పింది. రేకుల కప్పు మీద వాన పడితే ఇల్లూ కార్ఖానాయేనన్నది ఆయన స్వయంగా సాధించిన సిద్ధాంతం. అందుచేత వాన కొడితేనే ఆయన కొట్టేవాడు. ఎండ రోజుల్లో ఆ వాడలో ఆయనంత సాధువు లేడని పేరు.

నిరుడు మృగశిరలో బాలమణి పెదవి చీలింది. ఆరుద్రలో పక్కటెముక. ఆశ్లేషలో కుడిచేతి వేళ్లు రెండు విరిగి, వంకరగా అతుక్కున్నాయి. ఆ వేళ్లతోనే ఆమె బీడీలు చుడుతుంది. పంచాంగం తప్పిన కార్తెలున్నాయి గానీ పెంటప్ప తప్పిన కార్తె లేదు.

ఈనాటి నేరం మాత్రం సాక్షాత్తూ రాజద్రోహం. కూతురు పూనం కాలేజీ బేస్‌బాల్ జట్టులో ఆడుతుంది. రేపు జట్టుతో పుణె వెళ్లాలి. ఏలినవారిని అడగకుండానే బాలమణి సరేనంది. పొద్దున్నే శాసనం వెలువడింది: సాయంత్రం ఆ కట్టె బ్యాటు కుంపటిలో కాలుతుంది, సరేనన్న నోరు పగులుతుంది. పూనం ఏడ్చుకుంటూ స్నేహితురాలి ఇంటికి పోయింది. బ్యాటు తలుపు వెనుక మూలన నిలబడి ఉంది. ఇక మబ్బు ఒక్కటే దయచేయాలి.

బయట పంచలో బాలమణి చేట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అటు చంద్రభాగ, ఇటు యమునాబాయి. ఇద్దరూ పక్కిళ్ల వాళ్లే. మూడు కత్తెరలు తునికాకును కరకరా కోస్తున్నాయి. అంతకంటే పదునుగా నాలుకలు ఆడుతున్నాయి. పెంటప్ప చెవి ఒగ్గి వింటున్నాడు, విదూషకుల మాటలు వినే మహారాజులా.

“ఇయ్యాల మ్యాచ్ ఉంది గదనే. ఫస్ట్ బ్యాటింగ్ ఎవరిది?” చంద్రభాగ అడిగింది.

“మనోళ్లదే. టాస్ పొద్దున్నే అయింది,” అంది యమునాబాయి.

పెంటప్ప మీసంలో నవ్వుకున్నాడు. రాత్రి జరిగే మ్యాచ్‌కు పొద్దున టాస్. ఈ పండితురాళ్లకు క్రికెట్ ఒకటే తక్కువైంది.

“క్రికెట్‌ల ఒక్కరు నిలబడ్తె దినమంత వాళ్లే ఆడ్తరు. మిగిలినోళ్లకేం మిగుల్తది?” చంద్రభాగ పెదవి విరిచింది.

“బేస్‌బాల్ మంచిదే అక్కా. అందరికి వంతు వస్తది,” అంది యమునాబాయి.

“యాడ కొట్టాల్నో మల్ల ఒకపారి చెప్పు.”

“మోకాళ్లకాడికెల్లి రొమ్ము దాంక. నెత్తి జోలికి పోవద్దు. పూనం చెప్పింది గద.”

“మా అమోల్ మొన్న ఇంట్లనే కోడి తంగ్డీ కాల్చిండు,” చంద్రభాగ కొడుకు పాకశాస్త్రంలోకి దిగింది. “ఏం కాల్చుడో ఏమో, తోలు లెక్క సాగింది. కాలును ముందుగాల మంచిగ దంచాలె. మెత్తగైనంకనే నిప్పు మీద పెట్టాలె.”

“దంచుడు వస్తదా నీకు?”

“పెండ్లైన కాన్నుంచి మిరపకాయలు దంచుతలేనా? చేయి తిరిగే ఉంది.”

ముగ్గురూ నవ్వారు. బాలమణి నవ్వు పొట్టిగా ఉంది. ఆమె ఆకాశం వైపు చూసింది. భయం, అనుకున్నాడు పెంటప్ప తృప్తిగా.

“వాన పడ్తదంటవా?” చంద్రభాగ అడిగింది.

“హోట్గి రోడ్ మీద మబ్బు నల్లగైంది.”

“పడకుంటె ఎట్లనే?”

ఆ బెంగ పెంటప్పకూ ఉంది. జీవితంలో మొదటిసారి ఆడవాళ్ల మాటతో ఏకీభవించాడు.

వరుణదేవుడు ఇరుపక్షాలనూ కరుణించాడు. రేకుల మీద ముందు గుప్పెడు గులకరాళ్లు విసిరినట్టయింది. మరుక్షణం వంద మగ్గాలు ఒక్కసారిగా మొదలైనట్టయింది. పెంటప్ప లేచాడు. చొక్కా చేతులు మడిచాడు. వేళ్లు విరుచుకున్నాడు.

“బాలమణీ, లోపలికి రా.”

తొలి చినుకుకే చేటలు నెత్తిన పెట్టుకుని, తల దించుకుని, ఎవరిళ్లకు వారు పరుగెత్తడం ఆ స్నేహితురాళ్ల ఆనవాయితీ. ఇవాళ ఇద్దరూ బాలమణి వెనకే లోపలికి వచ్చారు.

“ఆకు తడుస్తది అన్నా,” అంది యమునాబాయి వినయంగా. “జల్లు గూడ కొడ్తున్నది.” తలుపు మూసి గొళ్లెం పెట్టింది.

చంద్రభాగ చేటను కింద పెట్టింది. కత్తెరను చేటలో పెట్టింది. కొంగును నడుముకు బిగించింది.

“మీ ఇండ్లకు మీరు పోండ్రి,” అని గర్జించాడు పెంటప్ప. తన గర్జన తనకే సరిగా వినబడలేదు. సిద్ధాంతం నిక్కంగా పనిచేస్తోంది.

ముందు శాసనంలోని మొదటి భాగం అమలు కావాలి. తలుపు వెనుకకు చేయి చాచాడు. మూల ఖాళీగా ఉంది.

వెనక్కి తిరిగాడు. బాలమణి ఎదురుగా నిలబడి ఏదో అంటోంది. వాన మోతలో పెదవులు కదలడమే కనబడుతోంది. పై పెదవి మీద మృగశిర నాటి మచ్చ కూడా.

“ఏందీ?” అన్నాడు.

వంకర వేళ్లు సహా పది వేళ్లూ బ్యాటు పిడికి బిగించి, ఆమె ఒక అడుగు దగ్గరికి వచ్చి, అతనికి వినబడేలా చెప్పింది: “పొద్దున టాస్ నేనే గెలిచిన.”