ఫ్యాన్ కింద కుర్చీ

"అమ్మా, పడవలోకి తిండి డబ్బాలు తేకూడదు," అన్నాడు పడవ నడిపే వార్విక్.

"ఇందులో తిండి లేదు నాయనా," అంది బెరిల్, బిస్కెట్ల డబ్బాను గుండెకు హత్తుకుని.

డెబ్భై దాటిన మనిషి. డబ్బా మూత మీద ఒక ఫోటో అంటించి ఉంది. తెల్ల గడ్డం ముసలాయన, చేతుల్లో చేప.

"మా ఆయన, క్లెమ్. నలభై ఆరేళ్ల కాపురంలో నా చెయ్యి వదిలాడేమో కానీ, గాలం వదల్లేదు."

మూత కొంచెం ఎత్తి చూపించింది. లోపల బూడిద. వార్విక్ చటుక్కున టోపీ తీసేశాడు.

ఆర్గైల్ సరస్సు మీద సందర్శకుల్ని సూర్యాస్తమయం షికారు తిప్పడం వార్విక్‌కి కంఠతా వచ్చిన పాఠం. ఎర్ర కొండల దగ్గర ఒక జోకు, చిన్న మొసళ్ల దగ్గర ఇంకో జోకు. "ఇవి మనుషుల్ని తినవు, హాయిగా ఈదండి. పెర్త్ పట్నం వాళ్లనైతే అసలే తినవు, అరగరట!" పొద్దు వాలే వేళకు అందరి చేతుల్లో చల్లని బీరు. అంతే పని.

ఇవాళ మాత్రం అతని మనసు మనసులో లేదు. తెల్లవారితే జెల్లచేపల పోటీ. అన్నిటికన్నా పెద్ద జెల్లను పట్టినవాడికి ఊరి పబ్బులో ఫ్యాన్ కింద కుర్చీ ఇస్తారు, ఏడాది పాటు. నవ్వకండి. అక్కడ నవంబరంటే మండువేసవి, ఆ ఎండ ఎరిగినవాళ్లెవరూ నవ్వరు. ఆ కుర్చీలో తొమ్మిదేళ్లుగా వార్విక్కే కూర్చుంటున్నాడు.

అదంతా ఒక్క చోటు పుణ్యం. ఆనకట్ట కట్టినప్పుడు మునిగిపోయిన పశువుల దొడ్డి ఒకటి నీటి అడుగున ఉంది. ఎండిన చెట్టూ, వెనక కొండ చీలికా ఒకే గీతలోకి వస్తే, సరిగ్గా దాని నెత్తిన ఉన్నట్టు. ఆ సంగతి కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పలేదు. ఆ ఊళ్లో మనిషి ఇంటి తాళంచెవి ఎక్కడ పెట్టాడో చెప్తాడు కానీ, చేప ఎక్కడ పట్టాడో చచ్చినా చెప్పడు.

"ఎక్కడ కలపమంటారమ్మా?" మెల్లగా అడిగాడు.

"ఈ సరస్సులో అన్నిటికన్నా పెద్ద జెల్లలు ఎక్కడుంటే అక్కడికి తీసుకెళ్లు నాయనా. క్లెమ్‌ది అదొక్కటే కోరిక. నిద్రలో కూడా అదే కలవరింత."

వార్విక్ గబుక్కున ఇంకో వైపు చెయ్యి చూపించాడు.

"అదిగో, ఆ దీవి పక్కన బాగుంటుందమ్మా. కొంగలు కూడా వాలతాయి."

"పెద్దవి అక్కడుంటాయా?"

"ఉంటాయి... అంటే, ఒకప్పుడు ఉండేవి..."

బెరిల్ డబ్బాను నిమురుతూ కూర్చుంది.

పెర్త్ నుంచి వచ్చిన గ్లెండా అనే లావుపాటావిడ అప్పటికే రెండు రుమాళ్లు తడిపేసింది. "ఏంటయ్యా ఈ బేరాలు? పోయినాయన వచ్చి నీ చేపలేమన్నా ఎత్తుకుపోతాడా?" అని కసిరింది. పడవలో ఉన్న పద్దెనిమిది మందీ వార్విక్‌ని దొంగను చూసినట్టు చూశారు.

నిజమే కదా, అనుకున్నాడు. పోయినవాడు ఎవరికి చెప్తాడు గనక? సిగ్గేసింది. పడవ తిప్పాడు.

అయినా తెలివి తెలివే. "అందరూ ఫోన్లు ఆపేయండి. పోయినవాళ్లకు ఆ మాత్రం మర్యాద ఇవ్వాలి," అన్నాడు. బుద్ధిగా ఆపేశారు. మ్యాపులూ పోయాయి, ఫోటోలూ పోయాయి. వార్విక్ తన భుజం తానే తట్టుకున్నాడు, లోలోపల.

చెట్టూ చీలికా కలిశాయి. ఇంజను ఆపాడు. కొండలు నిప్పుకణికల్లా ఉన్నాయి. బెరిల్ డబ్బా తెరిచి, గుప్పెడు గుప్పెడుగా బూడిద నీళ్లలో చల్లింది. గుప్పిట విప్పినప్పుడల్లా వేయించిన ఉల్లిపాయల వాసన వచ్చింది. ఒడ్డున గుడారాల వాళ్లు వంట మొదలెట్టారు కాబోలు, ఇలాంటి సమయంలో ఆకలేమిటని వార్విక్ తనను తానే తిట్టుకున్నాడు.

తర్వాత ఆవిడ సంచిలోంచి ప్లాస్టిక్ పూలదండ తీసింది. దానికో తాడు చుట్ట, బరువుకి తుప్పు పట్టిన గుర్రపునాడా.

"ఇది ఇక్కడే నిలవాలి నాయనా. లోతెంత? తాడు చాలుతుందా?"

"ఎనిమిది బారలమ్మా," నోరు జారాడు.

"నా వేళ్లకు సత్తువ లేదు. కాస్త నువ్వే ముడి వెయ్యవూ?"

వార్విక్ తటపటాయించాడు. గ్లెండా గొంతు సవరించుకుంది. దాంతో తుపానుకైనా ఊడని ముడి వేసి, నాడాను నీళ్లలోకి వదిలాడు. రేపు అందరికన్నా ముందొచ్చి కోసేస్తే సరి, అనుకున్నాడు. అనుకున్నందుకు మళ్లీ సిగ్గేసింది. కళ్లు నిజంగానే చెమర్చాయి.

"నీ మనసు బంగారం," అంది బెరిల్ అతని చెయ్యి నొక్కి. "ఈ మేలు క్లెమ్ మర్చిపోడు."

ఆ రాత్రి వార్విక్ చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాడు.

పోటీలో తొలి వెలుగు పడ్డాక పట్టిందే లెక్క. వెంటపడేవాళ్లను ఏమార్చడానికి వార్విక్ ఎప్పటిలాగే దీవి చుట్టూ రెండుసార్లు తిరిగి, వెనక ఎవరూ లేరని చూసుకుని, జేబులో చాకుతో తన చోటికి బయలుదేరాడు.

చెట్టూ చీలికా ఒకే గీతలోకి వచ్చేసరికి పూలదండ అక్కడే ఉంది, దానికి కట్టేసిన చిన్న పడవలో, డబ్బా మూత మీది తెల్ల గడ్డం ముసలాయన విల్లులా వంగిన గాలాన్ని రెండు చేతులా బిగబట్టి, "బెరిల్, వల అందుకోవే!" అని కేకలు పెడుతున్నాడు.