ఎడమచేతి తవారెస్

"బంతి పట్టుకుని అలా నిలబడిపోతావేంటన్నా? ఇటు విసురు!" అని అరిచాడు అడిల్సన్.

నెలీటో ఉలిక్కిపడి తమ్ముడి వైపు బంతి విసిరాడు. బూట్లు గుమ్మం దగ్గరే విప్పేసి, సాక్సులతో బాస్కెట్ కింద నిలబడి ఉన్నాడు. చేపల షెడ్డు పనిలో వేసుకునే బూట్లతో ఆ నున్నటి చెక్కనేల తొక్కడానికి అతనికి మనసొప్పలేదు. సముద్రపొడ్డున ఉన్న తమ ఊరు న్యూ బెడ్‌ఫర్డ్ నుంచి కొండల్లోని ఈ స్కూలుకి మూడు గంటల దారి. తమ్ముడు ఇక్కడ చేరాక ఒక్క ఆట కూడా వదలకుండా వచ్చాడు. ఇవాళ ఆట లేదు. అడిల్సన్‌ని తమ జట్టులోకి తీసుకుంటూ సంతకాలు చేయించుకోవడానికి ఎల్డన్ కాలేజీ కోచ్ వస్తున్నాడు.

ఎల్డన్ జట్టు టీవీలో కనిపించేంత పెద్దదేమీ కాదు, మధ్యరకం. అయినా నాలుగేళ్ల చదువు, తిండి, బస అన్నీ ఉచితం.

"అక్కడి జిమ్ములో ఎంతమంది పడతారు?" అన్నాడు నెలీటో.

"మూడు వేలు. ఇది నాలుగోసారి అడగడం."

"నేల కూడా ఇలాగే ఉంటుందా?"

"నువ్వే వెళ్లి ఆడబోతున్నట్టు అడుగుతావేంటి!" అడిల్సన్ నవ్వాడు. "నిజం చెప్పు, కుళ్లుగా ఉంది కదూ? నన్ను నాలుగు కాలేజీలు పిలిచాయి. నిన్ను ఒక్కటీ పిలవలేదు."

"ఉందిరా," అన్నాడు నెలీటో. నవ్వుతూనే అన్నాడు గాని, చూపు రింగు మీదే ఉండిపోయింది.

మాట జారానని అడిల్సన్‌కి అప్పుడు తట్టింది. అమ్మ పోయేనాటికి తనకి ఏడేళ్లు. అన్నకి పద్దెనిమిది. నాన్న ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఆ వేసవిలోనే అన్న చేపల షెడ్డులో పనికి కుదిరాడు. ఎందుకు ఆట మానేశావని ఎవరడిగినా, "ఎవరూ పిలవలేదు, ఏం చెయ్యను?" అనేవాడు.

కోచ్ హన్రహాన్ వచ్చాడు. అరవై దాటిన మనిషి, మోకాలు పట్టేసి కుంటుతున్నాడు. అడిల్సన్ తవారెస్ అని తమ్ముడు సంతకం పెట్టాక నెలీటోకి చెయ్యి అందించబోయి, అతని ముఖంలోకి చూస్తూ ఆగిపోయాడు.

"ఆ ఊళ్లో సగం మంది తవారెస్‌లే కదా, నాకు తట్టనేలేదు. ఆ ఎడమచేతి తవారెస్‌వి నువ్వేనా?"

నెలీటో తలూపాడు.

"అప్పట్లో నీ కోసం మా జట్టులో ఆగస్టు దాకా చోటు ఖాళీగా ఉంచానయ్యా! ఫోను చేస్తే ఆ నంబరే లేదన్నారు. మూడు ఉత్తరాలు రాశాను. అందలేదా?"

"ఒక్కటీ అందలేదు సార్."

సెలవులకి అడిల్సన్ అన్నతో ఇంటికి బయలుదేరాడు. కారెక్కగానే మొదలుపెట్టాడు.

"పోస్టంతా కింది వాటాలో జుల్మీరా పిన్ని గుమ్మంలోనే పడేది. ఆటలు కూడు పెడతాయా అని నస పెట్టేది కూడా ఆవిడే. ఆవిడే దాచేసింది!"

"పోనీలేరా. పన్నెండేళ్లయింది."

"పోనీలే అంటావేంటన్నా? అది నీ బతుకు!"

"పిన్ని దగ్గర ఈ మాట ఎత్తకు." స్టీరింగు మీద నెలీటో వేళ్లు బిగుసుకున్నాయి. "నా మీద ఒట్టు."

ఇంత జరిగినా ఆవిణ్ణి వెనకేసుకొస్తున్నాడంటే అన్నది ఎంత వెర్రి మంచితనమో అనుకున్నాడు అడిల్సన్. ఒట్టు మాత్రం పెట్టుకోలేదు.

నెలీటో కారు నిలపడానికి చోటు వెతుక్కుంటుంటే, అడిల్సన్ ముందే దిగి నేరుగా పిన్ని వంటింట్లోకి నడిచాడు. ఆవిడ మొక్కజొన్న గింజలూ చిక్కుళ్లూ వేసిన కచూపా కలుపుతోంది.

"వచ్చాడమ్మా మా కాలేజీ దొర! కూర్చో, వడ్డిస్తాను."

"ఎల్డన్ నుంచి అన్నకి వచ్చిన ఉత్తరాలు ఏం చేశావు?"

గరిటె ఆగింది. "వాడు చెప్పాడా?"

"కోచ్ చెప్పాడు. అన్నకి తెలిస్తేగా చెప్పడానికి! ఎందుకు దాచావు పిన్నీ? వెళ్లుంటే ఎక్కడుండేవాడో! ఇవాళ ఆ జిమ్ములో అన్న బంతిని ఎలా పట్టుకుని నిలబడ్డాడో చూశావా నువ్వు?"

జుల్మీరా పిన్ని మంట తగ్గించింది. కిటికీలోంచి వీధిలోకి చూసింది. నెలీటో తమ్ముడి బరువైన సంచీ భుజానికెత్తుకుని మెల్లగా నడిచి వస్తున్నాడు. ఆవిడ అరచేత్తో కళ్లు తుడుచుకుంది.

"మూడూ వాడి చేతికే ఇచ్చానురా."