ఒక్క బల్ల

“ఆ బల్ల వదలండి మాస్టారూ. లారీవాడు తొందరపెడుతున్నాడు” అంది హెడ్‌మిస్ట్రెస్.

రిటైరైన సోషల్ మాస్టారు వదల్లేదు. “నీకు చదువు చెప్పిన బడి ఇది, అమ్మాయ్. ఎలా మూసేస్తావు?”

“పిల్లలేరీ? ఉన్నవాళ్లంతా ఈ ఒక్క బల్ల మీదే సరిపోయారు. ఇంకొక్కరు చేరితే ఈ ఏడాదికి ఉంచుతామన్నారు. ఇల్లిల్లూ తిరిగాను. దొరికితేనా!”

మాస్టారు బల్ల మీద దుమ్ము తుడిచారు.

“ఇది గుర్తుందా?” ఆమె నవ్వింది. “జనాభా పాఠం రోజున క్లాసు మొత్తాన్నీ దీని మీదికి ఎక్కించారు. ‘చూడండర్రా, మీరు పెద్దయ్యేసరికి భూమి ఇలాగే ఉంటుంది. తిండి సంగతి దేవుడెరుగు, నిలబడ్డానికే చోటుండదు’ అన్నారు. మేం కొంగల్లా ఒంటికాలి మీద నిలబడ్డాం.”

“పేపర్లన్నీ అదే రాసేవి మరి. నేనూ నమ్మాను.” మాస్టారికీ నవ్వొచ్చింది. “తిండీ అయిపోలేదు, చోటూ అయిపోలేదు. నా జోస్యం కాస్తా గంగలో కలిసింది. నష్టమేముందిలే, మీరు కాసేపు నవ్వుకున్నారు. అది సరేగానీ, ఒక్కరే కదా కావాలి? మీ పిల్లల్ని చేర్చకపోయావా?”

“మాకు పిల్లల్లేరు మాస్టారూ. వద్దనుకున్నాం.”

“అదేం?”

“ఆ రోజు చోటు చాలక బల్ల మీంచి కింద పడింది నేనే.”

బయట లారీ హారన్ మోగింది.

మాస్టారు ఆ బల్ల మీదే కూర్చున్నారు. పక్కన ఎవరికో చోటిస్తున్నట్టు ఒక చివరకి జరిగారు.

మిగతా బల్లంతా ఖాళీగానే ఉంది.