అద్దానికి పెట్టిన వంక

"మామగారూ, మీ అద్దం వంకర," అన్నాడు అల్లుడు, ఆయన తమ ప్రయోగశాలకి వచ్చి అడుగు పెట్టీ పెట్టకముందే.

మామగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "కూర్చోమనైనా అనకుండా ముందు వంకేనా బాబూ?"

అల్లుడు కంప్యూటర్ తెర చూపించాడు. ఎక్స్‌రే లేజర్ కిరణాన్ని ఒక్కచోటికి చేర్చాల్సిన అద్దం అది. మూరెడు పొడవు. అంతా బాగుంటే కిరణం వెంట్రుకలో వెయ్యోవంతు చుక్కగా కూడాలి. తెర మీద మాత్రం చుక్క బదులు తోకచుక్క కనిపిస్తోంది.

"మూడు రోజులుగా ఇదే వరస. చేసినవాళ్ళకి ఇంకా చెయ్యి తిరగలేదు. గరిటె వెనక్కి తిప్పి పెట్టినా ఇంతకన్నా నయం. సాయంత్రం అయిదింటికల్లా కుదరకపోతే విప్పి తిప్పి పంపెయ్యమన్నారు మా డైరెక్టరు. ఇక మీ వర్క్‌షాపు పేరు ఇక్కడ ఎవరూ ఎత్తరు."

మామగారి మొహంలో నవ్వు కాస్త తగ్గింది. "అద్దం ఉన్న గదిలోకి ఎన్నిసార్లు వెళ్ళావు?"

"గంటకోసారి. కిరణం ఆపించి, లైటు వేసి, దాని పక్కనే నిలబడి అన్నీ సరిచూసి వస్తున్నాను."

"అదీ సంగతి. అద్దం ఉబ్బడానికి మనిషి ఒంటి వేడి చాలు. అది చల్లబడి కుదురుకునేలోగా నువ్వు మళ్ళీ వెళ్తున్నావు. పసిపిల్లని జోకొట్టి, నిద్రపోయావా అని లేపి అడిగితే ఎలా?"

"అంటే తప్పు నాదంటారు."

"తప్పనలేదు. వేడన్నాను."

మామగారు ఆ గదికి తాళం వేయించి, తాళంచెవి జేబులో వేసుకుని, తెర ముందు కుర్చీ లాక్కున్నారు. పదకొండున్నరకి అల్లుడు లేచాడు. మామగారు చొక్కా పట్టి కూర్చోబెట్టారు. ఒంటిగంటకి మళ్ళీ లేచాడు. మళ్ళీ కూర్చోబెట్టారు. రెండింటికి "మంచినీళ్ళు తాగొస్తా"నన్నాడు. మామగారు తన సీసా అందించారు.

మూడున్నరకి తోక పొట్టిదయింది. నాలుగున్నరకి ఆనవాలే మిగిలింది. అయిదుకి పది నిమిషాలుందనగా, తెర నడుమ సూదితో పొడిచినట్టు ఒక్కటే చుక్క.

అల్లుడు మూడుసార్లు కొలిచాడు. అనుకున్నదానికన్నా కాస్త చిన్నదే.

"నోటికొచ్చినట్టు మాట్లాడాను మామగారూ," అన్నాడు తల దించుకుని. "ఇంట్లో కూడా మీ అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మూడు రోజులూ ఈ అద్దాన్నే తిట్టిపోశాను. పాపం, పల్లెత్తు మాట అనకుండా వింది. ఇంత నునుపు ఇంకెవరికొస్తుంది? మీ చేతులకి దండం పెట్టాలి."

మామగారు తాళంచెవి అతని చేతిలో పెట్టి భుజం తట్టారు.

"నా చేతులు ఏడాదిగా వణుకుతున్నాయి బాబూ. ఆ దండమేదో ఇంటికెళ్ళి పెట్టు. మా వర్క్‌షాపులో కొలతలు రాస్తోందని నువ్వనుకుంటున్నావు గానీ, ఆ అద్దానికి పాలిష్ పట్టింది మా అమ్మాయే."