పై పోర్షన్

"పై పోర్షన్ నిన్ననే ఇచ్చేశాం బాబూ," అన్నాను.

అబద్ధం. గేటుకి టులెట్ బోర్డు ఇంకా వేలాడుతూనే ఉంది. యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళంటే పోలీసులూ, కాగితాలూ... నాకెందుకొచ్చిన గొడవ!

ఇల్లు అడగడానికొచ్చిన యాసిన్ ఇక్కడే ఇంజనీరింగ్ చదువుతున్న సూడాన్ కుర్రాడు. మూడేళ్ళలో తెలుగు బాగానే పట్టాడు. పక్కనున్న తల్లి ఖార్టూమ్ నుంచి వచ్చి పది రోజులైందట. నేనన్నది ఆమెకి అరబ్బీలో చెప్పాడు.

ఆమె రెండు చేతులూ ఎత్తి, "వచ్చేవాళ్ళని అల్లా చల్లగా చూడాలి. వాళ్ళకీ ఇల్లు అవసరమేగా," అంది.

ఆ అరబ్బీ నాకు అర్థమైంది. ఆటోనగర్‌లో షెడ్డు పెట్టకముందు ఆరేళ్ళు కువైట్‌లో మెకానిక్‌గా చేశాను. అక్కడ యుద్ధమొస్తే నేనూ కట్టుబట్టలతో పారిపోయి వచ్చినవాణ్ణే.

అంతలో మా ఆవిడ షహనాజ్ తాళాలు పట్టుకొచ్చింది.

"ఇల్లు చూడ్డానికొచ్చారా? రండమ్మా! కడిగి ఉంచాను. నెల నుంచి ఖాళీయే."

యాసిన్ నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"ఏమంటోంది?" తల్లి అరబ్బీలో అడిగింది.

"వచ్చేవాళ్ళ కోసం ఇల్లు కడిగి ఉంచారట అమ్మా," అన్నాడు, అరబ్బీలోనే.

నా పరువు కాపాడుతున్నాడు. నాకు అరబ్బీ వచ్చని అతనికేం తెలుసు!

ఆమె షహనాజ్ చెయ్యి పట్టుకుని, "ఎంత మంచివాళ్ళు!" అంది.

కువైట్‌లో సర్వం పోగొట్టుకుని వచ్చాను. ఆ అరబ్బీ కూడా అక్కడే పోయుంటే బాగుండేది.